గిన్నె పెట్టే చోటు

జెచోన్,
1979 మార్చి.

యోనా నాన్నగారికి,

మీ ఉత్తరం మొన్న అందింది. ఆ ఎడారి ఎండల్లో మీ ఒంట్లో బాగుందని, వేళకింత తింటున్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా కులాసా. ఉత్తరమన్నాక ఆ మాట రాయాలి కాబట్టి రాశాను. దాన్ని అంతగా పట్టించుకోకండి.

కవరు మీద జెచోన్ చిరునామా చూసి కంగారు పడి ఉంటారు. యోంగ్వోల్ ఇల్లు ఖాళీ చేసేశాం. మీ ఉత్తరం కూడా అక్కడి పోస్టుమాన్ పుణ్యమా అని ఇటు తిరిగొచ్చింది. దగ్గరుండి చూసుకోకపోతే కొత్తింటి పని మేస్త్రి ఇష్టారాజ్యం అయిపోతుందని, స్థలం పక్క వీధిలో ఒక గది అద్దెకి తీసుకున్నాం. మీకలాగే చెప్పాలని ముందే అనుకుని పెట్టుకున్నాను. అది అబద్ధమేమీ కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. నాకు నోరెక్కువని మీ అమ్మ అంటుంది గానీ, కలం పట్టుకుంటే చెయ్యి ఆడడం లేదు. కాబట్టి మీరడిగినవి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వెళ్తాను. ఏదో ఒక చోట దారి దొరక్కపోదు.

ఇల్లు ఎంతవరకు వచ్చిందని అడిగారు. గోడలు లేచాయి, కప్పు పడింది. చలికి ఆగిపోయిన పని, నేల కరగడంతో మళ్ళీ మొదలైంది. కిటికీలు మీరు బొమ్మ గీసి పంపినట్టే దక్షిణానికి పెట్టించాను. మన గది, అత్తయ్య గది, మధ్యలో చిన్న గది. వంటిల్లు మీరనుకున్నదానికంటే ఇరుగ్గానే వచ్చింది. మేస్త్రి తన తప్పేం లేదంటాడు. గోడ నాది, కొలత మీ ఆయనది అంటాడు. మీరొచ్చాక మీరూ మీరూ తేల్చుకోండి.

"ముల్లంగి నీళ్ళ కిమ్చి ఈ ఏడు ఎలా పులిసింది? ఇక్కడ దాహమేసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది" అని రాశారు. పెట్టాను. పెద్ద జాడీ నిండా పెట్టాను. బేరిపండు ముక్కలు కూడా వేశాను, మీకిష్టమని. చక్కగా కుదిరింది. కానీ ఇప్పుడు లేదు, మొత్తం పారబోశాను. ఇక మీదట నా చేత్తో అది పెట్టను. ఎందుకని ఇప్పుడే అడక్కండి.

యోనా బడికి మొదటి రోజు ఏడవకుండా వెళ్ళిందా అని అడిగారు. గుండె మీద చేతిరుమాలు పిన్నుతో పెట్టి పంపావా, మర్చిపోయావా అని అడిగారు. పాదం కాగితం మీద పెట్టి చుట్టూ గీసి పంపు, ఇక్కడి బజార్లో ఎర్ర బూట్లు చూశాను అన్నారు. దాని సంగతి రెండు ముక్కల్లో తెమిలేది కాదండీ. చివర్న రాస్తాను. ముందు నేల సంగతి చెప్పనివ్వండి, అది ఆగేది కాదు.

నేల గురించి మీరు చాలా తేలిగ్గా రాసేశారు. "మనకీ, పాపకీ నేల కింద వేణ్ణీళ్ళ పైపులు వేయించు. కొత్త పద్ధతి, పొగ ఉండదు, విషపు గాలి భయం ఉండదు. అమ్మ గదికి మాత్రం పాత పద్ధతిలో, కింద పొయ్యి సెగ పారేట్టు రాతి పలకలే పరిపించు. పొయ్యి వైపు కొస వెచ్చగా లేకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. అన్నయ్య గిన్నెకి చోటు కూడా కావాలిగా" అని. మీ అమ్మ సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఏడాది కింద అడిగి ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని. రాతి పలకలు లేకపోతే కొత్తింట్లో కాలు పెట్టనని మొండికెత్తేది. నేను కుదరదనేదాన్ని. ఇద్దరం నాలుగు రోజులు మాట్లాడుకోకుండా ఉండి, చివరికి రాతి పలకలే పరిపించేవాళ్ళం.

ఇప్పుడలా లేదు. క్రితం వారం కాంగ్ మేస్త్రి మమ్మల్నిద్దర్నీ స్థలానికి పిలిచాడు. మీరు కుదిర్చి వెళ్ళిన మనిషే కదా, వాగుడు సంగతి మీకు తెలుసు. పైపులు చుట్టలు చుట్టలుగా వాకిట్లో పడున్నాయి. సిమెంటు బస్తాలు దిగాయి.

"పెద్దమ్మగారూ, మీ గదికి రాతి పలకలా, పైపులా? తొందరగా తేల్చండి. సిమెంటు పోశాక మళ్ళీ పగలగొట్టమంటే నా వల్ల కాదు. మీ అబ్బాయిని సౌదీ నుంచి పిలిపించుకోండి" అన్నాడు.

"నా గదికి నిప్పూ వద్దు, వేణ్ణీళ్ళూ వద్దు. ఉత్త నేల చాలు" అంది అత్తయ్య.

మేస్త్రి నవ్వాడు. హాస్యమాడుతోందనుకున్నాడు. "ఉత్త నేలా? జెచోన్ చలికి కిమ్చి జాడీలే పగిలిపోతాయి. మీరెంత?"

"పగిలితే పగుల్తాను. నీ సొమ్మేం పోయింది?"

"ఊరంతా నన్ను తిట్టిపోస్తుందండీ. కుక్కకి కట్టిన గూట్లో కూడా గడ్డి పరుస్తాం. చల్లటి నేల మీద శవాన్ని పడుకోబెడతారు గానీ మనిషిని పడుకోబెడతారా?"

"ఆ లెక్కలోదాన్నేలే నాయనా. నువ్వు నీ పని చూసుకో."

అతని మొహంలో నవ్వు పోయింది. నా వైపు తిరిగాడు. "యోనా అమ్మా, మీరైనా చెప్పండి."

నేను చెప్పలేదు. "ఆవిడ ఇష్టం" అన్నాను.

ఇక్కడికొచ్చేసరికి మీరు కాగితం దించి గోడ వైపు చూసి ఉంటారు, నాకు తెలుసు. పులుసు గిన్నె మీద మూత ఎటు తిప్పి పెట్టాలన్న దగ్గర్నుంచి మీ అమ్మతో వాదానికి దిగే నేను, డెబ్భై దాటిన ముసలావిడ చల్లటి నేల మీద పడుకుంటానంటే ఆవిడ ఇష్టం అన్నాను. అని ఊరుకోలేదు, ఇంటికి నడిచొస్తున్నంతసేపూ కడుపులో చల్లగా ఉంది. ఆ మాట కూడా రాస్తున్నాను, దాచుకోను.

ఉత్త నేల మీద పడుకుంటే మీ అమ్మ ఒక్క చలికాలం కూడా దాటదండీ. అది మేస్త్రికి తెలుసు, నాకు తెలుసు, ఆవిడకి అందరికంటే బాగా తెలుసు. ఇప్పటికే అద్దింట్లో లోపల పడుకోవడం లేదు. ఫిబ్రవరి అంతా బయట చెక్క అరుగు మీదే. లోపలికి రమ్మని నేనూ పిలవలేదు. పొద్దున లేచి చూస్తే దుప్పటి అంచు మంచుకి కర్రలా బిగుసుకుపోయి ఉండేది. దగ్గుతోంది. కాలివేళ్ళు నల్లబడ్డాయి, నేను చూడకుండా మేజోళ్ళు వేసుకుంటుంది. ఇల్లుగలావిడ నూడుల్స్ అమ్ముతుంది, వచ్చినవాళ్ళందరికీ వాటితోపాటు మా సంగతి కూడా వడ్డిస్తోంది. "మొగుడు పరదేశంలో ఉన్నాడుగా, అత్తని అరుగు మీద పడేసి తలుపేసుకుంటోంది మహాతల్లి" అంటుందట. నేను వెళ్ళి కాదని చెప్పలేదు. తలుపేసుకోవడం నిజమే కదా.

ఇక మీ అన్నగారి గిన్నె సంగతి. "అమ్మ ఇంకా సాయంత్రాలు గిన్నె పెడుతోందా?" అని రాశారు. పెట్టడం లేదు. గుడ్డలో మూట కట్టి పెట్టె అడుగున పడేసింది.

మీకు నమ్మకం కుదరదని తెలుసు. మీ అన్నగారు, అదే జింతే బావగారు, యుద్ధానికి వెళ్ళిపోయిన ఏడు నుంచి, పొయ్యి మీదనుంచి అన్నం దింపగానే మొదటి గరిటె ఆ ఇత్తడి గిన్నెలోకి. మూత పెట్టి, గుడ్డ చుట్టి, పొయ్యి కొసన, నేలకి అతికించిన నూనె కాగితం మీద, దుప్పటి కింద పెట్టేది. ఏ వేళప్పుడు వచ్చినా వాడికి వేడన్నం ఉండాలి అని. పెళ్ళైన కొత్తలో నేను తెలియక ఆ దుప్పటి మీద కూర్చోబోతే, నా చెయ్యి పట్టుకుని ఈడ్చి, "అది నా పెద్దకొడుకు చోటే" అని కేకలేసింది. రాత్రంతా ఏడ్చాను. మీరేమో పక్కన పడుకుని పకపకా నవ్వారు. "నేను పెరిగిందే ఆ గిన్నెలో చద్దన్నంతోనే. అన్నయ్య రాకపోతే తెల్లారి నాకు పెట్టేది. వాడు రాకూడదని దణ్ణం పెట్టుకునేవాణ్ణి, చిన్నతనం" అన్నారు. ఆ మాట అన్నాక మీరు నవ్వడం ఆపేశారు.

మనం పొయ్యి కొసన ఎవరం పడుకోలేదు కదండీ. ఇంట్లో అన్నిటికంటే వెచ్చటి చోటు, రానివాడికోసం ఖాళీగా ఉండేది. అత్తయ్య కూడా తలుపు దగ్గర చలి కొసనే పడుకునేది. ఆ గిన్నె పెట్టే చోట నూనె కాగితం వేడికి మాడి గోధుమరంగుకి తిరిగి ఉండేది, గుర్తుందా? యోనా దాన్ని చూసి పెదనాన్న మచ్చ అనేది.

ఇక దాటెయ్యలేను. మీరు నించుని చదువుతుంటే కూర్చోండి. పక్కన మీ ఊరివాడెవరైనా ఉంటే పిలవండి.

జనవరిలో పెద్ద మంచు పడిన రోజు నేను జెచోన్ వచ్చాను. కిటికీలకి చెక్క ఏది వాడాలో మేస్త్రి వచ్చి చెప్పమన్నాడు. సాయంత్రానికి కనుమ మీద బస్సులు ఆగిపోయాయి. మేస్త్రి వాళ్ళింట్లోనే ఉండిపోయాను. వాళ్ళావిడ పులుసు పెట్టింది, నేను హాయిగా తిన్నాను. హాయిగా పడుకున్నాను కూడా. అక్కడ యోంగ్వోల్‌లో యోనాకి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతున్నా చలి చలి అని వణికిందట. మీ అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసింది, రెండు దుప్పట్లు కప్పి చూసింది, వణుకు తగ్గలేదు. అప్పుడు మీ అన్నగారి గిన్నె తీసి పక్కన పెట్టింది. అన్నేళ్ళలో మొదటిసారి. ఆ చోట మనవరాల్ని పడుకోబెట్టింది. పొయ్యిలో ఇంకో చిల్లుల బొగ్గు దిమ్మ పెట్టింది.

మాడిన కాగితం కింద మట్టి ఎప్పుడు పగిలిందో ఎవరికి తెలుసు? బొగ్గు విషపు గాలి ఆ పగుల్లోంచే పైకొచ్చింది. ఏళ్ళ తరబడి అది అక్కడే ఉందేమో. ఇన్నాళ్ళూ దాని మీద గిన్నె ఉంది, మనిషి లేడు. అందుకే ఎవరికీ ఏమీ కాలేదు.

తెల్లారేసరికి మీ అమ్మకి తల దిమ్మెక్కి లేవలేకపోయిందట. తలుపు సందులోంచి వచ్చే గాలి ఆవిడని బతికించింది. పాక్కుంటూ వెళ్ళి తలుపు తోసింది. పిల్లని వాకిట్లోకి, మంచులోకి ఈడ్చుకొచ్చింది. బొగ్గు గాలి తగిలితే అందరూ చేసేదే చేసింది, జాడీ మూత తీసి ముల్లంగి నీళ్ళు గరిటెతో దాని నోట్లో పోసింది. మన ఊళ్ళో ఎంతమంది ఆ నీళ్ళు తాగి లేచారో చెప్పేది కదా. పోస్తూనే ఉంది. మొదటి బస్సుకి నేను వచ్చేసరికి కూడా పోస్తూనే ఉంది. దాని మెడ, చొక్కా, జుట్టు అంతా ఆ నీళ్ళే. పుల్లటి వాసన. బేరిపండు ముక్క ఒకటి దాని భుజం మీద ఉంది.

ఏవండీ, మన యోనా లేదు.

ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది. నేను వెంటనే రాద్దామంటే మీ అమ్మ కలం లాక్కుంది. "వాడు ఆకాశమంత ఎత్తున ఇనుము బిగించేవాడమ్మా. ఈ ముక్క చదివితే చెయ్యి జారుతుంది. నాకిప్పటికే మనవరాలు పోయింది, కొడుకుని కూడా నీ చేతులతో తోసెయ్యకు" అని నా కాళ్ళు పట్టుకుంది. అత్త కోడలి కాళ్ళు పట్టుకోవడం ఎక్కడైనా ఉందా? అక్కడ మీ ఒప్పందం గడువు తీరే దాకా ఆగుదాం, ఇంకో అర ఏడాదేగా అనుకున్నాను. కానీ మీరు పాదం గీసి పంపమన్నారు. దానికి ఏం రాసి తప్పించుకోను?

చిన్నపిల్లలకి సమాధి దిబ్బ కట్టరు కదా. ఊళ్ళో మగవాళ్ళు ఎత్తుకెళ్ళి కొండ అవతల పెట్టి వచ్చారు. ఎక్కడో నాకు చెప్పలేదు. తల్లికి చెప్పకూడదట. వాళ్ళ కాలి గుర్తులు మంచులో ఉంటే వెళ్దామనుకున్నాను, ఆ మధ్యాహ్నమే మళ్ళీ మంచు పడింది. ఆ ఇంట్లో ఇక ఉండలేక ఇటొచ్చేశాం.

ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. మేస్త్రి అడిగితే పిల్ల మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోందని మీ అమ్మే చెప్పింది. అందుకే అతను నన్ను ఇంకా యోనా అమ్మా అని పిలుస్తాడు. యోంగ్వోల్‌లో ఆ పిలుపు ఆపేశారు, నన్ను చూస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు. నిజం చెబుతున్నాను, ఆ పిలుపు వినడానికే రోజూ పని దగ్గరికి వెళ్తున్నాను.

ఇప్పుడు అర్థమైందా, ఆవిడ ఇష్టం అని ఎందుకన్నానో. మీ అమ్మ మీద నాకున్న కోపం ఎలాంటిదో చెప్పలేను. చెప్పడానికి ఆవిడ చేసిన తప్పేదీ దొరకడం లేదు. వణికే పిల్లని వెచ్చటి చోట పడుకోబెట్టడం తప్పా? కన్నకొడుకు చోటు తీసి నా కూతురికిచ్చింది. అంతకంటే ఏమివ్వాలి? తిట్టడానికి ఒక్క మాట కూడా దొరక్క నేను ఉడికిపోయాను. అలాంటప్పుడు ఆవిడే ఉత్త నేల అంది. సరే పడుకో, చలి ఏంటో తెలుస్తుంది అనుకున్నాను. పోతే పో అని కూడా అనుకున్నానండీ. మీ అమ్మని.

నిన్నటి సంగతి చెబుతాను. పైపులు పరుస్తున్నారని వెళ్ళాను. మీ అమ్మ నాకంటే ముందే అక్కడుంది. నేను కిటికీ అవతల ఉన్నాను, నన్ను చూడలేదు. మన గది అయిపోయింది. మేస్త్రి మధ్య గదిలో గొంతుక్కూర్చుని పైపు వంచుతున్నాడు. పక్కనే కంకర మీద అత్తయ్య చతికిలబడి ఉంది.

"ఇంత దూరం దూరంగా వేస్తున్నావేం? దగ్గరగా వెయ్యి" అంటోంది.

"లెక్క ప్రకారమే పెద్దమ్మగారూ. ఇంతకంటే దగ్గరైతే పైపు చాలదు."

"నా గదికి తెచ్చిన పైపు మిగిలిందిగా. అదంతా ఇక్కడ వేసెయ్. పొయ్యి కొస, చలి కొస అని తేడా లేకుండా గదంతా వెచ్చగా ఉండాలి. ఆ పిల్ల ఒక చోట పడుకునే రకం కాదు. ఇక్కడ పడుకోబెడితే అక్కడ తేలుతుంది. దుప్పట్లోంచి కాళ్ళు బయట పెట్టేస్తుంది."

"మీ మనవరాలికి పెళ్ళయ్యేదాకా ఈ గది చాలండీ, చూస్తుండండి" అన్నాడు మేస్త్రి.

"చాలు, చాలు" అంది. అని చేత్తో కంకర సర్దింది. పైపు కిందికి గుచ్చుకునే రాయి ఒక్కటీ లేకుండా ఏరి ఒడిలో వేసుకుంటోంది. దగ్గొస్తే మోచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గి మళ్ళీ ఏరింది.

నా కోపం అక్కడ నించుని ఉండగానే జారిపోయిందని రాస్తే మీకు బాగుంటుంది. పోలేదు. కానీ నేను లోపలికి వెళ్ళాను. "మేస్త్రిగారూ, అత్తయ్య గదిలో కూడా పైపులు వెయ్యండి" అన్నాను.

"అమ్మాయ్, నీకు చెప్పానా లేదా?" అంది అత్తయ్య.

"ఆ గది మీదని ఎవరన్నారు? అది బావగారి గది. ఇంటికి పెద్దకొడుకు. ఇన్నాళ్ళకి తిరిగొస్తే చల్లటి నేల మీద పడుకోబెడతారా? గిన్నె ఎక్కడ పెడతారు?" అన్నాను. ఆవిడని లొంగదీసుకోవడానికి ఇంతకంటే ఆయుధం నాకు తెలియదు.

మీ అమ్మ ఒడిలో రాళ్ళు పక్కన పోసింది. తర్వాత, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా, "వాడు రాడే అమ్మా. నాకు తెలియదనుకున్నావా?" అంది.

అన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట మీరు విన్నారా? నేను వినలేదు. నాకూ అడ్డూ ఆపూ లేకుండా పోయింది. "యోనా కూడా రాదు. మరి దాని గదిలో పైపులెందుకు వేయిస్తున్నారు? రానివాళ్ళకి వెచ్చటి నేలా, ఉన్నవాళ్ళకి మంచు నేలానా? అదేం ఇల్లండీ? అందులో నేనెలా ఉండను? పొద్దున లేచి మీ గది తలుపు తెరిచి ఇంకో శవాన్ని చూడమంటారా? ఒక్కదాన్ని చూశాను, చాలదా?" అని అరిచాను. వీధిలో వాళ్ళు కూడా వినుంటారు. విననీ.

మేస్త్రి చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. టోపీ తీసి కింద పెట్టాడు.

అత్తయ్య ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కంకర మీద చెయ్యి ఆనించి లేవబోయింది. నేను చంకల కింద చేతులు పెట్టి లేపాను. ఆ రోజు తర్వాత నేనావిడని ముట్టుకోవడం అదే మొదలు. ఎంత తేలిగ్గా అయిపోయిందో మీ అమ్మ. నా భుజం పట్టుకుని నించుని, "నా మీద కోపం పోయిందా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"పోనక్కర్లేదు" అంది. "పోతే నాకు భయం."

సాయంత్రానికి మేస్త్రి మూడు గదుల్లోనూ పైపులు పరిచాడు. ఎవరూ అడక్కుండానే ఆవిడ గదిలో, బాయిలర్ నుంచి వేణ్ణీళ్ళు మొదట లోపలికొచ్చే మూల, పైపు దగ్గర దగ్గరగా చుట్టాడు. "పాత ఇళ్ళలోలా ఒక కొస వేడెక్కువ ఉంటుంది పెద్దమ్మగారూ. కింద నిప్పుండదు, గాలుండదు. నీళ్ళే. భయం లేదు" అన్నాడు. ఆవిడ వంగి ఆ మూల చూసి బయటికొచ్చింది. ఈ పొద్దున సిమెంటు పోశారు. కాబట్టి మిమ్మల్ని అడగడానికి ఇంకేం మిగల్లేదు. మీరు రాతి పలకలే అన్నారు, నేను మాట వినలేదు. ఇక మన ఇంట్లో నేల కింద నిప్పు పెట్టనివ్వను.

రాత్రి ఆవిడ లోపలే పడుకుంది, తలుపు దగ్గర. నేను కిటికీ కొంచెం తెరిచే ఉంచాను, ఉంచకపోతే నాకూ నిద్ర రాదు. దగ్గు వింటూ పడుకున్నాను. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో నాకు తెలియదు. మీరు ఆవిడకి ఉత్తరం రాస్తే మాత్రం, నీ తప్పు లేదమ్మా అని రాయండి. నేనా మాట అనలేకపోతున్నాను. మీరు రాస్తే చదివి వినిపిస్తాను.

మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఈ ఉత్తరం చదివిన రోజు పైకి ఎక్కకండి. మర్నాడు కూడా వద్దు. జ్వరమనో, కడుపులో నొప్పనో ఏదో ఒక అబద్ధం చెప్పండి. ఏడవాలనిపిస్తే ఏడవండి, అక్కడ చూసి నవ్వేవాళ్ళెవరున్నారు? ఎర్ర బూట్లు కొనకండి. ఇప్పటికే కొనుంటే పంపకండి, మీ దగ్గరే ఉంచుకోండి.

మేస్త్రి నేల ఆరాక బాయిలర్ వెలిగిస్తానన్నాడు. పొద్దున బట్టలు సర్దుతుంటే చూశాను, పెట్టె అడుగున ఉన్న ఇత్తడి గిన్నె పైకొచ్చింది. మూట విప్పి ఉంది. తోమి ఉంది. ఎవరికోసమని ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. బావగారి కోసమైతే ఆవిడ పెట్టుకోనీ. లేదంటే అందులో మొదటి గరిటె నేను వేస్తాను, మీ పేరు చెప్పి. ఈ ఇంట్లో గిన్నె పెట్టించుకున్నవాళ్ళెవరూ తిరిగి రాలేదని నాకు తెలుసు. అయినా పెడతాను. మీరు రావాలి. వచ్చి, చల్లారకముందే మూత తీసి తినాలి.

ఇట్లు,
ఇంకెలా సంతకం పెట్టాలో తెలియక,
యోనా అమ్మ.